టెక్సస్ పొలంలో ఫ్యాక్టరీ ఇల్లు: జోనింగ్ లేదన్నారు గానీ...

టెక్సస్ పల్లెల్లో పొలం చూడ్డానికి వెళ్తే ఎవర్నడిగినా మొదట చెప్పేది ఒకటే: "ఇక్కడ జోనింగ్ లేదు. మీ భూమి, మీ ఇష్టం." అదేం అబద్ధం కాదు. సిటీ లిమిట్స్ దాటాక ఇక్కడి కౌంటీలకు జోనింగ్ చేసే అధికారం చాలావరకు లేదు. ఇది ఇళ్ల స్థలం, ఇది సాగుభూమి అని గీతలు గీసేవాళ్లు లేరు. కానీ మేం డాలస్‌కి ఈశాన్యంగా గంటంబావు దూరంలో ఆరెకరాలు కొని, అందులో మాన్యుఫాక్చర్డ్ హోమ్ పెట్టుకున్నాం కాబట్టి చెప్తున్నా. జోనింగ్ ఆఫీసు చెయ్యాల్సిన పనంతా ఇక్కడ ఇంకో ఇద్దరు చేస్తారు. ఒకరు కౌంటీ సెప్టిక్ ఆఫీసు వాళ్లు. రెండోది, ఎప్పుడో ఎవరో రాయించి రిజిస్టర్ చేయించిన పాత కాగితం. ఈ రెండూ దాటితే మిగతావన్నీ తిరుగుడే తప్ప అడ్డంకులు కావు.

ఎందుకీ ఫ్యాక్టరీ ఇల్లు అంటే, డబ్బులు. అదే విస్తీర్ణంలో కట్టుబడి ఇంటికి పల్లెలో బిల్డర్లు చెప్పిన రేటు విని మా ఆవిడ కాలిక్యులేటర్ పక్కన పెట్టేసింది. పైగా పల్లెకు రావడానికి మంచి బిల్డర్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఫ్యాక్టరీలో తయారై, ట్రక్కు వెనక వచ్చే ఇల్లయితే ఆ గొడవ సగం తగ్గుతుంది.

ఇక్కడొక తేడా ముందే తెలిసుండాలి. 1976 జూన్ 15 నుంచి, హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ కోడ్ ప్రకారం తయారైనవాటినే చట్టం మాన్యుఫాక్చర్డ్ హోమ్ అంటుంది. అంతకు ముందువి మొబైల్ హోములు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఆ పాత సరుకు జోలికి వెళ్లకండి, చాలాచోట్ల పెట్టనివ్వరు. హడ్ కోడ్ ఇంటికి బయట గోడ మీద, ఒక్కో భాగానికి ఒక్కో ఎర్ర లోహపు బిళ్ల ఉంటుంది. లోపల వంటగది కప్‌బోర్డులోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో డేటా ప్లేట్ అని ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ గాలి జోన్‌కి, ఎంత మంచు బరువుకి తయారుచేశారో అందులో ఉంటుంది. మాది జోన్ 1. గాల్వెస్టన్ లాంటి సముద్ర తీరపు కౌంటీలకైతే జోన్ 2 ఇల్లే కావాలి, జోన్ 1 ఇల్లు తీసుకెళ్లి అక్కడ పెట్టడం కుదరదు. మాడ్యులర్ హోమ్ అని ఇంకొకటుంది. అదీ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది గానీ, మామూలు ఇళ్ల కోడ్ కిందికి వస్తుంది.

మొదట మాకు నచ్చిన స్థలం పదకొండెకరాలు. పెకాన్ చెట్లు, చిన్న కుంట, వెనకాల కంచె అవతల ఆవులు. అగ్రిమెంట్ రాసుకున్నాక, భూమి హక్కుల చరిత్ర వెతికే టైటిల్ కంపెనీ నుంచి కమిట్‌మెంట్ అనే రిపోర్టు వచ్చింది. మన దగ్గర ఈసీ, లింకు డాక్యుమెంట్లు కలిపి చూస్తే తెలిసేదంతా అందులో ఉంటుంది. షెడ్యూల్ బి అనే భాగంలో, ఆ భూమికి పాతకాలం నుంచి అంటుకుని ఉన్న షరతులుంటాయి. మొబైల్ హోములు, మాన్యుఫాక్చర్డ్ హోములు తాత్కాలికంగా గానీ శాశ్వతంగా గానీ పెట్టరాదని అందులో ఉంది. రియల్టర్ని అడిగితే, "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, ఆ మూల చూడండి, రెండున్నాయి" అన్నాడు. కౌంటీ పట్టించుకోదు, నిజమే. కానీ అది కౌంటీ పెట్టిన షరతు కాదే. అదే షరతు కింద పక్క పొలం కొన్నవాడికి రేపు బుద్ధి పుడితే కోర్టుకెళ్లొచ్చు. ఇంటిని ట్రక్కెక్కించి వెనక్కి పంపమని తీర్పొస్తే ఆ రియల్టర్ ఫోనెత్తుతాడా? టెక్సస్ అగ్రిమెంట్లలో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది. కొంత ఫీజు కట్టి పెట్టుకుంటే, ఆ గడువులోపు కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. మేం తప్పుకున్నాం.

రెండో స్థలం ఒక పెద్దాయన ముప్పై చిల్లర ఎకరాల గడ్డిభూమిలోంచి కోసి ఇస్తానన్న ఆరెకరాలు. ఇక్కడ ఇంకో మెలిక. కొత్త రోడ్లు వెయ్యకుండా పదెకరాల కంటే పెద్ద ముక్కలుగా విడగొడితే టెక్సస్‌లో ప్లాట్ అక్కర్లేదు. ఇక్కడ ప్లాట్ అంటే మన ఇళ్ల స్థలం కాదు, ముక్కల హద్దులు చూపే నక్షా. ఆరెకరాలు కొయ్యాలంటే, కుటుంబ సభ్యులకు ఇవ్వడంలాంటి కొన్ని మినహాయింపులు తప్ప, సర్వేయర్‌తో ప్లాట్ గీయించి కౌంటీ ఆమోదం తీసుకోవాలి. అలా ఆమోదం లేని ముక్కలు సంతకాలు పెట్టి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది. తర్వాత సెప్టిక్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లోనే ఆగిపోతుంది పని. అందుకని ప్లాట్ ఆమోదమైతేనే కొంటామని అగ్రిమెంట్‌లో రాయించాం. ఆమోదించేది కమిషనర్స్ కోర్టు. పేరుకే కోర్టు, నిజానికి అది కౌంటీ పాలకమండలి, కౌంటీ జడ్జి దానికి అధ్యక్షుడు. ఆ నెల్లో మా నాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. కోర్టు అనగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల కవరు చంకలో పెట్టుకుని బయల్దేరారు. మా ప్లాట్ వంతు వచ్చి, ఎవరో ప్రతిపాదించి, ఇంకెవరో బలపరిచి, నాన్న కళ్లజోడు తుడుచుకునేలోపు అయిపోయింది. "ఇంతేనా?" అన్నారు బయటికొచ్చాక, కొంచెం నిరాశగా.

స్థలం పక్కనున్న టౌన్ తాలూకు ఈటీజేలో, అంటే పొలిమేర బయట కూడా ఆ టౌన్‌కి కొంత అధికారం ఉండే పరిధిలో, ఉందో లేదో కూడా చూసుకోవాలి. సిటీ జనాభాని బట్టి పొలిమేర నుంచి అర మైలు మొదలుకుని ఐదు మైళ్ల దాకా ఆ పరిధి ఉంటుంది. అక్కడ కూడా జోనింగ్ చెయ్యలేరు గానీ, ప్లాట్ విషయంలో సిటీ మాట చెల్లుతుంది. 2023 సెప్టెంబరు నుంచి, మమ్మల్ని వదిలెయ్యండని భూమి యజమానులు అర్జీ పెట్టుకునే చట్టం వచ్చింది. మాది ఆ గీతకి అవతలే పడింది కాబట్టి ఆ తంటా తప్పింది.

ఇక అసలు కథ సెప్టిక్. మురుగు కాలవ లేనిచోట ఇల్లు పెట్టాలంటే, ఆ ఇంటి మురుగు ఆ స్థలంలోనే సర్దుకోవాలి. రాష్ట్ర పర్యావరణ శాఖ రూల్సు, అమలు చేసేది ఎక్కువగా కౌంటీ. కొత్తగా విడగొట్టిన స్థలమైతే, పైపు నీళ్లుంటే కనీసం అరెకరం, సొంత బోరైతే ఎకరం ఉండాలి. మాకు ఆ బాధ లేదు. ఉన్న బాధ మట్టితో. టెక్సస్‌లో నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూసే పాత పద్ధతి ఇప్పుడు లేదు. లైసెన్సున్న సైట్ ఇవాల్యుయేటర్ వచ్చి మట్టి చూసి తేలుస్తాడు.

మాకొచ్చినాయన అరవై దాటిన మనిషి. మురుగు పంపాలనుకున్న చోట అటో గొయ్యి, ఇటో గొయ్యి బ్యాక్‌హోతో తవ్వించాడు, ఒక్కోటీ ఐదడుగుల లోతు. గోతిలోకి దిగి గోడలోంచి ఒక పెడ్డ పెకలించి, సీసాలో నీళ్లు చిలకరించి, చపాతీ పిండిలా అరచేతిలో పిసికాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతూ రిబ్బన్‌లా బయటికి తీశాడు. అది రెండంగుళాలు దాటినా తెగలేదు. గట్టు మీద గొంతుక్కూర్చున్న మా నాన్న ఆ పెడ్డలోంచి ఇంత తుంచుకుని నలిపి చూసి, "రేగడి రా ఇది. వానకి కాలు దిగబడుద్ది, ఎండకి నెర్రెలు బారుద్ది. దీంట్లో మురుగు నీళ్లెక్కడ ఇంకుతయ్?" అన్నారు. ఆయన పల్నాడులో పత్తి, మిరప పండించిన మనిషి. ఏమన్నారని ఇవాల్యుయేటర్ అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వి, తన ఫారమ్ మీద "క్లాస్ 4" అని రాసింది నాకు చూపించాడు. అంటే బంకమట్టి, మురుగు నీళ్లు భూమిలోకి ఇంకేలా గొట్టాలు పరిచే మామూలు డ్రెయిన్‌ఫీల్డ్‌కి పనికిరాదు. ఎర్రనది దగ్గర్నుంచి శాన్ ఆంటోనియో దాకా బారుగా సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంతా దాదాపు ఇదే నల్లమట్టి. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించేవాళ్లు. హ్యూస్టన్ బ్లాక్ అని ఈ నేలకి పేరు కూడా ఉంది, టెక్సస్ రాష్ట్ర మట్టి ఇదే.

క్లాస్ 4 అని తేలితే మిగిలేది ఎక్కువగా ఏరోబిక్ సిస్టమ్. మాకొచ్చిన కొటేషన్లలో మామూలు సెప్టిక్‌కి దాదాపు రెట్టింపు. ఒక తొట్టిలో చెత్త దిగుతుంది, ఇంకోదాంట్లో మోటారు గాలి కొడుతూ ఉంటుంది, తర్వాత క్లోరిన్ బిళ్లల మీదుగా పోయిన నీళ్లు పంపు తొట్టిలో చేరి స్ప్రింక్లర్లతో గడ్డి మీద పడతాయి. ఆ చిమ్మే నీళ్లు హద్దు నుంచి ఇరవై అడుగుల లోపల పడకూడదు. టైమర్ పెట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5 మధ్యలో మాత్రమే చిమ్మేటట్టయితే పదడుగులు చాలు. సొంత బోరుంటే దానికి నూరడుగుల దూరం. ఆ చోట తినే పంటలు వెయ్యకూడదు. పచ్చగా ఉంటుంది కదా, గోంగూర మడి అక్కడే వేద్దామని నాన్న అప్పటికే లెక్కలేసుకున్నారు. ఆ మడి ఇంటికి అవతలి వైపు మారింది. క్లోరిన్ బిళ్లలు కూడా సెప్టిక్ కోసం అమ్మేవే వెయ్యాలి, ఈతకొలను బిళ్లలు చవకని అవి వేస్తే ప్రమాదం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇంకో విషయం. ట్యాంకు సైజు ఇంట్లో ఎంతమంది ఉంటారన్న దాన్ని బట్టి కాదు, ఎన్ని పడగ్గదులున్నాయన్న దాన్ని బట్టి. నీళ్లు పొదుపు చేసే కుళాయిలున్న మూడు బెడ్‌రూముల ఇంటికి, 2,500 చదరపు అడుగుల లోపైతే, రోజుకి 240 గ్యాలన్ల లెక్క. నాలుగో బెడ్‌రూము చేరిస్తే 300. షోరూములో నాలుగు గదుల మోడల్ చూసి ముచ్చటపడ్డ మేం, నాలుగో గదికి సిస్టమ్ ఎంత పెరుగుతుందో అడిగి మూడుకి దిగాం. అందుకే ఇల్లు ఏదో తేల్చుకోకముందే మట్టి పరీక్ష చేయించాలంటాను. ఇంటి డీలర్లు చెప్పే వరస దీనికి తలకిందులు.

డిజైనర్ నక్షా, ఇవాల్యుయేటర్ రిపోర్టు, ప్లాట్ కాపీ, ఫీజు ఇస్తే ముందు కట్టుకోడానికి అనుమతి వస్తుంది. కట్టాక, మట్టి కప్పకముందే ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఈ స్థలంలో ఏరోబిక్ సిస్టమ్ ఉంది, దానికి మెయింటెనెన్స్ తప్పనిసరి అని మనం సంతకం పెట్టి కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డ్ చేయించిన అఫిడవిట్ కూడా కావాలి. మొదటి రెండేళ్లు మెయింటెనెన్స్ కంపెనీ నాలుగు నెలలకోసారి వచ్చి చూసి కౌంటీకి రిపోర్టు పంపుతుంది. పదెకరాలు, అంతకు మించి ఉంటే రాష్ట్రం రూల్సులో పర్మిట్ మినహాయింపు ఉంది గానీ, కొన్ని కౌంటీలు దాన్ని కూడా ఒప్పుకోవు. అడక్కుండా నమ్మకండి.

వరద సంగతి మాకు తేలిగ్గానే తేలింది. కేంద్ర విపత్తుల సంస్థ ఫెమా వరద మ్యాపులు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. వెనకాల వాగు వెంట కొంత జోన్ ఎ, అంటే వరద ముప్పున్న చోటు. ముందు భాగమంతా ముప్పు తక్కువుండే జోన్ ఎక్స్. ఇల్లు ముందుకు జరిపి నక్షా గీసి ఇస్తే కౌంటీ ఫ్లడ్‌ప్లెయిన్ అధికారి సంతకం పెట్టాడు. అదే వాగు వైపు పెట్టి ఉంటే నేల నుంచి ఎత్తు లేపాలి, శాశ్వత పునాదికి కట్టాలి, సర్వేయర్‌తో ఎలివేషన్ సర్టిఫికెట్ తేవాలి, ఏటా ఫ్లడ్ ఇన్సూరెన్స్. వాగు పక్కన ఇల్లు అందమే, కానీ ఆ అందానికి ఇంత రేటు పెట్టలేం.

మా ముందున్నది ఎఫ్‌.ఎం. (ఫార్మ్ టు మార్కెట్) అనే రాష్ట్ర రోడ్డు కాబట్టి దారి వేసుకోడానికి అనుమతి రాష్ట్ర రవాణా శాఖది. కౌంటీ రోడ్డయితే, కౌంటీలో ఆ భాగం (ప్రిసింక్ట్) చూసే కమిషనర్‌ది. తూము గొట్టం ఎంత వెడల్పు, ఎంత పొడవు అని వాళ్లే చెప్తారు. దారికి అనుమతొస్తే 911 (అత్యవసర సేవల) అడ్రసు, అడ్రసుంటే కరెంటు కో-ఆపరేటివ్‌లో మీటరు దరఖాస్తు. మా కో-ఆపరేటివ్ వాళ్లు సెప్టిక్ పర్మిట్ కాపీ కూడా అడిగారు. నీళ్లు పల్లె నీటి సరఫరా సంఘం నుంచి, సభ్యత్వం కట్టి, మీటరుకి కట్టి. ఈ మీటరు ఫీజు చూసి గుండె జారింది. స్థలం కొనకముందే, ఆ రోడ్డు మీద నీటి గొట్టం ఉందా, కొత్త మీటర్లు ఇస్తున్నారా అని ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఇల్లొచ్చిన రోజు చెప్పాలి. డబుల్‌వైడ్ అంటే రెండు భాగాలు, మాది ఒక్కోటి పదహారడుగుల వెడల్పు. వాటిని రోడ్డెక్కించడానికి రాష్ట్ర మోటారు వాహనాల శాఖ పర్మిట్, దారి పొడుగునా పైలట్ బండ్లు, పగటిపూటే ప్రయాణం. అవన్నీ రవాణా కంపెనీ చూసుకుంది. వాళ్లు చూసుకోంది మా గేటు. అది కూడా పదహారడుగులే. ముందు రోజు చూసిన డ్రైవరు, "కంచె తియ్యండి" అని ఒక్క మాట అన్నాడు. నేనూ, పక్క పొలమాయనా కలిసి గేటు స్తంభం ఒకటి, దాని పక్క కంచె ఇంకొంత ఊడదీశాం. ఆయన ఆవులు రాకుండా ఆ రాత్రి ట్రాక్టరు అడ్డం పెట్టాడు. అంతకు ముందే వానపడి, నేల ఆరేదాకా డెలివరీ వాయిదా పడుతూ వచ్చింది. నల్లమట్టి తడిస్తే ట్రక్కు సంగతి దేవుడెరుగు, చెప్పులే ఇరుక్కుపోతాయి. రోడ్డు నుంచి ఇంటి చోటు దాకా కంకర పరిపించడం డీలరు కోట్‌లో లేదు. సైట్ తయారీ కొనుక్కున్నవాళ్ల బాధ్యత అని కాగితంలో ఉంటుంది, చదివి బేరమాడుకోవాలి. చిన్న ట్రాక్టరులాంటి రిమోట్ యంత్రంతో రెండు భాగాల్నీ అంగుళం అంగుళం జరుపుతూ దగ్గరికి చేర్చడం చూడాల్సిందే. అతుకు పొడవునా రబ్బరు, బోల్టులు, పైన కప్పు అతుకు, కింద ఏసీ గొట్టం, నీళ్ల పైపులు.

నిలబెట్టే పని రాష్ట్ర లైసెన్సున్న ఇన్‌స్టాలరే చెయ్యాలి. ఇంటి చుట్టూ మొదటి పదడుగులు, అడుక్కి అరంగుళం చొప్పున బయటికి వాలు ఉండాలి, అడుగున నీళ్లు నిలవకూడదు. ప్లాస్టిక్ మెత్తల మీద కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఇనుప చట్రం, భూమిలోకి దిగేసిన మరల యాంకర్లకు ఉక్కు పట్టీలు. మట్టి ఎంత గట్టిగా పట్టుకుంటుందో ముందు టార్క్ ప్రోబ్ అనే కడ్డీ దించి కొలిచి, దాన్ని బట్టి ఎంత పొడవు యాంకరో నిర్ణయించారు. పని అయ్యాక ఇన్‌స్టాలర్ రాష్ట్ర మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ డివిజన్‌కి ఫారమ్ టి పంపుతాడు, ఇన్‌స్పెక్టర్ రావచ్చు. మాకు వచ్చాడు. టార్చి పట్టుకుని ఇంటి కిందికి పాకి, రెండు పట్టీలు వదులుగా ఉన్నాయని రాసిచ్చాడు. బిగించి పంపిన ఫోటోలతో అది తేలిపోయింది. నాకైతే ఈ మొత్తం తిరుగుడులో మన పక్షాన నిలబడిన ఏకైక ప్రభుత్వ మనిషి ఆయనే అనిపించింది.

ఇంటి అడుగు ఖాళీని చుట్టూ మూసే స్కర్టింగ్ విషయంలో పొదుపు చెయ్యకండి. 2021 ఫిబ్రవరి చలి చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, అడుగున పైపులకి హీట్ టేపు, చుట్టూ గట్టి కప్పు ఉండాలి. గాలి ఆడే సందులూ ఉండాలి.

చివరి కాగితం స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్, అంటే ఇంటి యాజమాన్య పత్రం. ఇంటిని చరాస్తిగా ఉంచుకోవాలా, భూమితో కలిపి స్థిరాస్తిగా చూపాలా అన్నది ఇందులో ఎంచుకోవాలి. భూమికీ ఇంటికీ కలిపి బ్యాంకు లోన్ కావాలంటే స్థిరాస్తే. ఎఫ్‌హెచ్‌ఏ (కేంద్రం బీమా ఇచ్చే) లోన్‌కైతే శాశ్వత పునాది అని ఇంజనీరు సర్టిఫికెట్ కూడా. చరాస్తి మీద ఇచ్చే లోన్లకి మాకు చెప్పిన వడ్డీ చూసి మేం స్థిరాస్తే పట్టుకున్నాం. రాష్ట్రం నుంచి వచ్చిన కాపీని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డ్ చేయిస్తేనే అది పూర్తయినట్టు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

పన్నుల మాట. గడ్డిభూమిగా తక్కువ పన్నుతో ఉన్న స్థలంలో ఇల్లు పెట్టిన మేరకు వాడకం మారినట్టు లెక్కగట్టే అవకాశం ఉంది. అలా లెక్కగడితే ఆ భాగానికి గత మూడేళ్ల తేడా పన్ను కట్టమని నోటీసు రావచ్చు. 2019 చట్టానికి ముందు ఐదేళ్లది, వడ్డీతో సహా వసూలు చేసేవాళ్లు. మాకు ఇంటి చుట్టూ ఎకరం తీసేసి, మిగిలిన ఐదెకరాలూ గడ్డి కోతకే ఉంచారు. పక్క పొలమాయనే కోసుకుపోతాడు.

ఇప్పుడు ఆగస్టులో ఇంటి చుట్టూ నెర్రెలు నా అరచెయ్యి పట్టేంత ఉన్నాయి. వెనక పడగ్గది తలుపు పట్టేస్తోంది, అంటే దిమ్మెలు కొంచెం అటూఇటూ అయ్యాయి. ఈ మట్టిలో అప్పుడప్పుడూ లెవెల్ చేయించాల్సిందేనని ఇన్‌స్టాలర్ ముందే చెప్పాడు, వానలు పడ్డాక రమ్మని పిలిచాం. ఈ బాదరబందీ వద్దనుకునేవాళ్లు టైలర్ ఊరు దాటి తూర్పుకి, ఇసుక నేలలున్న వైపు వెతకండి. అక్కడ మామూలు డ్రెయిన్‌ఫీల్డ్‌కే పర్మిట్ వచ్చే అవకాశం ఎక్కువ. ఏ పొలంలో ఏ మట్టి ఉందో కేంద్ర వ్యవసాయ శాఖ వాళ్ల వెబ్ సాయిల్ సర్వేలో ఉచితంగా చూడొచ్చు. మ్యాపులో స్థలం చుట్టూ గీత గీస్తే చాలు, అక్కడి మట్టి సెప్టిక్‌కి ఎంతవరకు పనికొస్తుందో కూడా అదే చూపిస్తుంది.